ఇడ్లీలో చచ్చిపోయిన బాక్టీరియా వల్ల ఏం లాభం?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఇరవై ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మావారికి 54 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలల కిందట పంటికి చీము పడితే ఏడు రోజులు అమాక్సిసిలిన్-క్లావులనేట్ మాత్రలు వాడారు. నాలుగో రోజు నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు రాసిన పొడి ప్యాకెట్లతో వారంలో తగ్గాయి. అప్పట్నుంచి మాత్రం పొట్ట ఉబ్బరం, గ్యాసు. ఒకరోజు పలుచగా అవుతుంది, రెండు రోజులు అసలు కాదు. ఆ రోజుల్లోనే మెట్‌ఫార్మిన్ కూడా రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములకు పెంచారు. తెలిసినవాళ్లు ‘పోస్ట్‌బయోటిక్’ క్యాప్సూల్స్ (చచ్చిన బాక్టీరియాతో గానీ, అది వదిలిన పదార్థాలతో గానీ చేసినవట) వాడమంటున్నారు, నెలకు 1,800 రూపాయలట. మా అమ్మాయి రోజూ పెరుగు తింటే చాలంటుంది. మనం తినే ఇడ్లీ పులిసిన పిండే కదా అంటే, ఆవిరికి బాక్టీరియా అంతా చచ్చిపోతుంది, ఏం లాభం అంటుంది. ఇంట్లో అత్తగారికి కీమోథెరపీ నడుస్తోంది. ఇవన్నీ ఆవిడకూ ఇవ్వొచ్చా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, క్యాప్సూల్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు మీవారిని డాక్టరుకు చూపించాలి. యాభై దాటిన మనిషికి విరేచనం తీరు మారి రెండు నెలలైందంటే, పాత యాంటీబయాటిక్ వల్లే అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేచి విరేచనానికి పరుగెత్తడం, జ్వరం, రక్తహీనత: వీటిలో ఏ ఒక్కటున్నా ఈ వారమే వెళ్లండి. ఏదీ లేకపోయినా ఈ వయసులో కొలనోస్కోపీ (పెద్దపేగును లోపలినుంచి గొట్టంతో చూసే పరీక్ష) అవసరమా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. రోజుకు మూడుసార్లు, అంతకు మించి నీళ్లలా అవడం మళ్లీ మొదలైతే, రెండు నెలల కిందట యాంటీబయాటిక్ వాడిన సంగతి చెప్పి తీరాలి. ఆ మందుల తర్వాత వారాలు గడిచాక కూడా క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పేగులో విజృంభించవచ్చు. దానికి మల పరీక్ష, వేరే చికిత్స ఉన్నాయి. అలాంటప్పుడు మందుల షాపులో విరేచనాలు కట్టే మాత్ర కొని వేస్తే లోపలి విషం బయటికి పోక మరింత కీడు.

రెండో సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. మెట్‌ఫార్మిన్ డోసు పెంచినప్పుడు ఉబ్బరం, పలుచటి విరేచనాలు రావడం చాలా మామూలు. యాంటీబయాటిక్ పక్కనే ఇదీ వచ్చింది కాబట్టి నింద మొత్తం ఒకదాని మీదే పడింది. మాత్ర మానేయకండి. మాత్రల పట్టీ మీద పేరు పక్కన ఎస్ఆర్ గానీ ఎక్స్ఆర్ గానీ ఉందేమో చూడండి. లేకపోతే నెమ్మదిగా కరిగే ఆ రకానికి మార్చవచ్చా అని అడగండి. చాలామందికి దానితోనే ఉబ్బరం తగ్గుతుంది. ఏ రకమైనా భోజనం మధ్యలోనో, ముగించిన వెంటనేనో వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వద్దు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కాబట్టి బి12 పరీక్ష కూడా చేయించండి. అలాగే ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన బిస్కెట్లు, మిఠాయిలు తింటుంటే రెండు వారాలు ఆపి చూడండి. వాటిలో వేసే మాల్టిటాల్, సార్బిటాల్ చిన్నపేగులో పూర్తిగా ఇంకవు. పెద్దపేగుకు చేరి అక్కడ గ్యాసవుతాయి.

ఇక మీ అమ్మాయి మాట. ఇడ్లీ పాత్రలో బాక్టీరియా చచ్చిపోతుంది, అది నిజం. లాభం లేదన్నది మాత్రం నిజం కాదు. మినపప్పు వెంట వచ్చిన ల్యూకోనోస్టాక్ జాతి బాక్టీరియా రాత్రి పిండిలో మొదట పని అందుకుంటుంది. అది వదిలే కార్బన్ డయాక్సైడే పిండిని పొంగిస్తుంది. తర్వాత లాక్టోబాసిల్లస్ జాతులు పులుపు పెంచుతాయి. తెల్లారేసరికి పిండి ఆమ్లత 4.5 పీహెచ్ దగ్గరికి దిగుతుంది. ఆవిరి మీద పది పన్నెండు నిమిషాల్లో అవన్నీ చస్తాయి. కానీ అవి రాత్రంతా వండిపెట్టిన వంట ఎక్కడికీ పోదు. లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. ఇనుమును, జింకును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కొంత విరిగిపోయి ఉంటుంది. బి విటమిన్లు కొన్ని పెరిగి ఉంటాయి. మాంసకృత్తులు కాస్త ముందే విడిపోయి అరగడానికి తేలికవుతాయి. చచ్చిన కణాల గోడలు కూడా ఊరికే పోవు, పేగు గోడలోని రోగనిరోధక కణాలు వాటిని గుర్తుపడతాయి. దుకాణంలో కొన్న మావు (రుబ్బిన పిండి) అయితే మూత తీయగానే పుల్లటి వాసన, లోపల బుడగలు ఉండాలి. వాసనే లేకుండా పొంగిందంటే సోడాతో పొంగించి ఉండవచ్చు. అందులో ఈ లాభాలు తక్కువ, పైగా సోడా బి1 విటమిన్‌ను పోగొడుతుంది.

ఇలా బాక్టీరియా తయారు చేసి వదిలే వాటినే ఉప ఉత్పత్తులు అంటాం. అసలు పెద్ద వంటశాల మాత్రం ఇడ్లీ పిండిలో కాదు, పెద్దపేగులో ఉంది. మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని 2016లో లెక్కగట్టారు. దాదాపు అంతా పెద్దపేగులోనే. బరువు చూస్తే 200 గ్రాములు. ఇప్పుడు వెయ్యి కోట్ల బతికున్న బాక్టీరియా ఉందని చెప్పే ప్రోబయోటిక్ క్యాప్సూల్ తీసుకోండి. ఒక్కటి కూడా చావకుండా చేరినా అక్కడున్న 3,800 మందిలో ఒక్కరి కింద లెక్క. ఆ వచ్చినవీ మకాం పెట్టవు. వేసుకోవడం ఆపిన కొద్ది రోజుల్లోనో, రెండు మూడు వారాల్లోనో మలంలో కనిపించడం మానేస్తాయి. పెరుగులోవీ అంతే, వచ్చి పోయే చుట్టాలు. దారిలో కొంత మేలు చేసి వెళ్లిపోతాయి.

ఇంట్లోనే ఉండేవి వేరు. ఫీకలిబాక్టీరియం ప్రాస్నిట్జీ, రోజ్‌బూరియా లాంటివి గాలి తగిలితే బతకవు, అందుకే పెరుగులో గానీ మామూలు క్యాప్సూల్‌లో గానీ దొరకవు. మనం అరిగించుకోలేని పీచును అవి తింటాయి. తిని అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే మూడు చిన్న కొవ్వు ఆమ్లాలు వదులుతాయి. మూడింటి పాళ్లు దాదాపు 60, 20, 20. బ్యూటిరేట్‌ను పెద్దపేగు లోపలి పొర అక్కడికక్కడే వాడుకుంటుంది. ఆ కణాలకు కావలసిన శక్తిలో 70 శాతం దాకా దాన్నుంచే వస్తుంది. అది అందినంతకాలం కణాల మధ్య అతుకులు బిగువుగా ఉంటాయి, వాపు అదుపులో ఉంటుంది. ప్రొపియోనేట్ కాలేయానికి చేరుతుంది. అసిటేట్ ఒళ్లంతా తిరుగుతుంది. ఈ ఆమ్లాలు పేగులోని కొన్ని కణాలను తట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదల చేయిస్తాయి. భోజనం తర్వాత షుగరును అదుపు చేసేది, కడుపు నిండిందని చెప్పేది ఆ హార్మోనే. అందుకే ఈ విషయం మీవారికి మిగతావారికంటే ఎక్కువ అవసరం.

పీచు అందకపోతే ఇవే బాక్టీరియా మాంసకృత్తుల మీద పడతాయి. అప్పుడు అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, పీ-క్రెసాల్ లాంటివి పుడతాయి. కుళ్లిన గుడ్డు వాసన వేసే గ్యాసు వీటిలోదే. పీచు పూర్తిగా ఆపేసిన ఎలుకల్లో బాక్టీరియా పేగు గోడను కప్పి ఉంచే జిగురు పొరనే తినడం మొదలుపెట్టినట్టు 2016లో చూశారు. అంటే ఉప ఉత్పత్తులన్నీ మంచివని కాదు. ఏ ఉత్పత్తి వస్తుందన్నది మనం ఏం పంపామన్న దాన్ని బట్టి ఉంటుంది.

అయితే ఆ బ్యూటిరేట్‌నే క్యాప్సూల్‌లో మింగేస్తే సరిపోదా? ఇక్కడ లెక్క చూడాలి. పీచు బాగా తినేవారి పెద్దపేగులో రోజుకు 500 మిల్లీమోల్‌ల దాకా ఈ ఆమ్లాలు తయారవుతాయి. అందులో ఐదో వంతు బ్యూటిరేట్ అనుకుంటే 8, 9 గ్రాములు. క్యాప్సూల్‌లో సాధారణంగా ఉండేది అర గ్రాము అటూ ఇటూ. అది కూడా మామూలు పూతతో ఉంటే చిన్నపేగులోనే ఇంకిపోయి, కావలసిన చోటికి చేరదు. నెయ్యి గురించి తిరుగుతున్న మాట కూడా ఇలాంటిదే. పాల కొవ్వులో బ్యూటిరిక్ ఆమ్లం 3, 4 శాతం ఉన్న మాట నిజమే. ఒక చెంచా నెయ్యిలో 200 మిల్లీగ్రాములకు మించదు, పైగా అదీ పైపేగులోనే ఆగిపోతుంది. నెయ్యి రుచికి వేసుకోండి, పెద్దపేగు కోసమని కాదు.

కాబట్టి మేం చెప్పేది ఒకటే: ఆ 1,800 రూపాయలు లోపల ఉన్నవాటి తిండికి ఖర్చు పెట్టండి. ఎంత తిండి కావాలంటే రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. రాగుల్లో 11, పెసల్లో 17, శనగల్లో 25. జామకాయలో 8.5. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం-సాంబారు-కూర, రాత్రి మళ్లీ అన్నం తినే మనిషికి మొత్తం కలిపి 16, 18 గ్రాములు వస్తాయంతే.

లోటు తెలిసింది కదా అని రేపే అంతా పెట్టేయకండి. ఉబ్బరం ఉన్న మనిషికి ఒక్కసారిగా శనగలు పెడితే రాత్రంతా కూర్చోవాల్సి వస్తుంది, మర్నాటి నుంచి మీ మాట వినరు. కొత్త తిండికి తగ్గ బాక్టీరియా పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకని వారానికి ఒక్క మార్పే చేయండి.

మొదటి వారం రోజూ సాయంత్రం సగం జామకాయ ఇవ్వండి, 50 గ్రాములుంటే చాలు. గింజలతోపాటే నమలాలి. జ్యూసు చేస్తే పీచు పోతుంది. రెండో వారం దానికి తోడు పెసల సుండల్ (గుగ్గిళ్లు). మూడు పెద్ద చెంచాల పెసలు, అంటే 30 గ్రాములు, ఎనిమిది గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయండి. గ్యాసు తెప్పించే రాఫినోస్ జాతి చక్కెరలు కొంతమేర ఆ నీళ్లలోకి దిగుతాయి, అందుకే పారబోయడం. కొత్త నీళ్లలో వేలితో నొక్కితే నలిగేలా ఉడికించి తాలింపు వేయండి. దీంతో 5 గ్రాములు కలుస్తుంది. మూడో వారం రాత్రి అన్నం బదులు రాగులు, 50 గ్రాముల పిండితో. నాలుగో వారం నుంచి వారానికి రెండుసార్లు పెసల చోట శనగలు, అదే 30 గ్రాములు, పన్నెండు గంటలు నానబెట్టి. అన్నీ కలిపితే ఇది 30 గ్రాముల దగ్గరికి చేరే లెక్క. ఏ వారమైనా ఉబ్బరం నొప్పిదాకా పోతే ఒక మెట్టు వెనక్కి దిగి వారం ఆగి మళ్లీ ఎక్కండి. నొప్పి లేకుండా రోజుకు పది, పదిహేనుసార్లు గ్యాసు పోవడం జబ్బు కాదు. నీళ్లు మాత్రం రెండు, రెండున్నర లీటర్లు తాగాలి. పీచు పెరిగి నీళ్లు పెరగకపోతే మలం గట్టిపడి మొదటికే మోసం వస్తుంది.

రాగికి చెన్నైలో మంచి దారి ఉంది. ఆడి మాసంలో అమ్మవారి గుళ్ల దగ్గర పోసే కూళ్, ఎండాకాలంలో తోపుడు బండ్ల మీద అమ్మే కూళ్ మన అంబలికి చుట్టమే. రాగిపిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులవనిచ్చి, మర్నాడు కాసిని నూకలతో ఉడికించి, చల్లార్చి, మజ్జిగ కలుపుకోవాలి. పులిసిన పిండిలోని ఉప ఉత్పత్తులు, రాగిలోని పీచు, మజ్జిగలో బతికున్న బాక్టీరియా మూడూ ఒకే గ్లాసులో వస్తాయి. షుగర్ ఉన్నవారు పలుచగా పెద్ద చెంబుడు తాగకుండా, చిక్కగా ఒక గిన్నెడు, పక్కన కూరతో తీసుకోవాలి. బండి మీద కొనకండి, ఆ నీళ్లు ఎక్కడివో మనకు తెలియదు.

చద్దన్నం గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. వండి చల్లబరచిన అన్నంలో పిండిపదార్థం కొంత మళ్లీ గట్టిపడి పీచులా పనిచేస్తుంది. అయితే పెరిగేది తక్కువే. తాజా అన్నంలో 100 గ్రాములకు 0.64 గ్రాములున్నది, ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములని ఒక పరిశీలనలో కొలిచారు. షుగర్ మనిషి దాన్ని చూసుకుని ఇంకో గరిటె వడ్డించుకోకూడదు. అసలు జాగ్రత్త వేరే ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు అన్నం ఉడికినా చావవు. వండిన అన్నాన్ని చెన్నై ఎండలో మధ్యాహ్నమంతా వంటింటి గట్టు మీద వదిలేస్తే అవి మొలిచి విషం తయారు చేస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. చద్దన్నం పెట్టాలంటే రాత్రి వండి, గంటలో చల్లార్చి, కాచి చల్లార్చిన నీళ్లలో మునిగేలా వేసి, రెండు చెంచాల పుల్ల మజ్జిగ కలపండి. పులుపు త్వరగా ఎక్కితే చెడ్డవి పెరగవు. ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. తీగ సాగినా, రంగు మారినా, వాసన పులుపు దాటి కుళ్లులా ఉన్నా పారేయాలి.

ఇసబ్‌గోల్ గురించి మీరు అడగలేదు, కానీ మీవారి లక్షణాలకు ఇది పనికొస్తుంది. ఒకరోజు పలుచన, రెండు రోజులు కాకపోవడం అన్నప్పుడు రెండు వైపులా సర్దుతుంది. నీటిని పట్టుకుని పలుచటిదాన్ని గట్టిచేస్తుంది, గట్టిదాన్ని మెత్తబరుస్తుంది. దీన్ని పేగు బాక్టీరియా పెద్దగా తినలేదు. కనుక గ్యాసు తక్కువ, బ్యూటిరేట్ కూడా తక్కువే. ఒక చెంచా పొట్టు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి. కాసేపు ఆగితే గడ్డ కట్టి గొంతులో పడుతుంది. మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి.

ఇప్పుడు పెరుగు. చుట్టాలే అన్నాం, కానీ మంచి చుట్టాలు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పది వారాలు పెరుగు, కెఫీర్, కిమ్చి లాంటి పులిసిన ఆహారం పెంచారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఆ జట్టువారి పేగుల్లో బాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. పాలు పడనివారికి పెరుగు పడటానికి కారణం కూడా అందులోని బాక్టీరియానే. అది తెచ్చిన ఎంజైము చిన్నపేగులో లాక్టోజ్‌ను విడగొట్టిపెడుతుంది.

ఈ మేలంతా బాక్టీరియా బతికి ఉంటేనే. అర లీటరు పాలు, ఆవిన్ నీలం ప్యాకెట్ అయితే బాగుంటుంది, పొంగాక సన్నమంట మీద ఐదు నిమిషాలు ఉంచండి. దీనివల్ల పాలలో ఉన్న పోటీ సూక్ష్మజీవులు పోతాయి, పాల ప్రొటీను విప్పుకుని పెరుగు గట్టిగా తోడుకుంటుంది. తర్వాత 40, 42 డిగ్రీలకు చల్లార్చాలి. థర్మామీటరు లేకపోతే శుభ్రంగా కడిగిన చిటికెన వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టండి, వెచ్చగా ఉండాలి గానీ తీసేయాలనిపించకూడదు. ఒక చిన్న చెంచాడు తాజా పెరుగు వేసి, కింద నుంచి పైకి నాలుగుసార్లు కలిపి, మూతపెట్టి కదపకుండా ఉంచండి. మే నెలలో నాలుగు గంటలకే తోడుకుంటుంది. డిసెంబరు, జనవరిలో ఆరేడు గంటలు పడుతుంది. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రి తోడేసి తెల్లారేదాకా బయట వదిలేస్తే ఈ ఊళ్లో పుల్లబడి నీరు తేలుతుంది.

పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడేస్తే తోడులోని బాక్టీరియా చచ్చిపోయి పాలు పాలలాగే ఉండిపోతాయి, లేదా సగం విరిగినట్టవుతాయి. తోడు ఎక్కువైతే త్వరగా తోడుకుంటుంది గానీ గరుకుగా, పుల్లగా, నీళ్లు విడిచి వస్తుంది. పాలు చల్లారిపోయాక తోడేస్తే వేడిని ఇష్టపడే బాక్టీరియా వెనకబడి, జిగురు చేసే రకాలు ముందుకొస్తాయి. చెంచాతో ఎత్తితే తీగలా సాగేది అందుకే. ఆ పెరుగును మళ్లీ తోడుకు వాడకండి. వేరే ఇంటి నుంచో, బాగున్న ప్యాకెట్ నుంచో కొత్త తోడు తెచ్చుకోండి. ప్యాకెట్ మీద తోడుకున్నాక వేడిచేసినట్టు రాసి ఉంటే అందులో బతికున్నవి ఉండవు, పాలు తోడుకోవు.

వడ్డనలో కూడా పోగొట్టుకుంటాం. పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపినా, మరిగే మజ్జిగ పులుసు కాచినా బాక్టీరియా పోతుంది. పెరుగన్నానికి అన్నం, తాలింపు రెండూ చల్లారాక కలపండి. కప్పు పెరుగు మధ్యాహ్నం ఒకసారి, పలుచటి మజ్జిగగా సాయంత్రం ఒకసారి, భోజనంతోపాటు. ఖాళీ కడుపులోని ఆమ్లానికి ఎక్కువ చస్తాయి, తిండి వెంట వెళితే కొన్ని దాటుతాయి. ఆవకాయను ప్రోబయోటిక్ అని రాసేవాళ్లను నమ్మకండి. అందులో ఉప్పు, నూనె, ఆవపిండి పడేది బాక్టీరియా పెరగకుండా నిలవ ఉండటానికే.

ప్రోబయోటిక్ మందులు అసలు వద్దని మేం అనడం లేదు. తగిన మోతాదులో ఇస్తే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు అని 2001లో అంతర్జాతీయ ఆహార, ఆరోగ్య సంస్థలు ఇచ్చిన నిర్వచనంలో ‘తగిన’ అన్న మాటే కీలకం. ఏ జబ్బుకు, ఏ రకం, ఎంత అన్నది కలిసి రావాలి. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులను తీసుకుని, వారిలో సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లోని ఒక ప్రత్యేక రకాన్ని, దానికి తిండిగా ఒక పీచు చక్కెరను కలిపి వారం రోజులు ఇస్తే సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్), మరణాలు కలిపి 40 శాతం తగ్గాయని 2017లో తేలింది. మన దేశంలో జరిగిన గొప్ప పని అది. దాన్ని చూపించి ఇంకో రకం బాక్టీరియా పెద్దవాళ్ల ఉబ్బరానికి అమ్మితే మాత్రం ఒప్పుకోకూడదు.

మళ్లీ ఎప్పుడైనా మీవారికి యాంటీబయాటిక్ తప్పకపోతే, దానితో వచ్చే విరేచనాలను ఆపడానికి సాక్రోమైసిస్ బౌలార్డీకి, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీకి మంచి ఆధారాలున్నాయి. మొదటిది బాక్టీరియా కాదు, ఈస్ట్. కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు. కోర్సు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరునడిగి మొదలుపెట్టాలి. బాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కు రెండు గంటల ఎడం ఉండాలి. కోర్సు అయిపోయాక నెలల తరబడి కొనసాగించకండి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో చూసింది ఏమిటంటే, యాంటీబయాటిక్ తర్వాత పలు రకాల ప్రోబయోటిక్ మిశ్రమం వాడినవారిలో సొంత బాక్టీరియా తిరిగి నిలదొక్కుకోవడం ఆలస్యమైంది. కొత్త చుట్టాలు కుర్చీలు ఆక్రమించి ఇంటివాళ్లను గుమ్మంలోనే నిలబెట్టారన్నమాట.

కొన్నప్పుడు డబ్బా మీద జాతి పేరుతో ఆగిపోకుండా రకం గుర్తు దాకా ఉందా అని చూడండి. జీజీ, షిరోటా అన్నవి అలాంటి గుర్తులే. 2020లో లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని శాస్త్రవేత్తలు విడగొట్టారు, కాబట్టి లాక్టికేసిబాసిల్లస్ అని కనిపిస్తే కంగారుపడకండి, పాతదే. బతికున్న సంఖ్య తయారైననాటిదా, గడువు ముగిసేనాటిదా అన్నది ముఖ్యం. రోజు మోతాదులో కనీసం 10 కోట్లు ఉండాలన్నది మన దేశ ఆహార భద్రత నియమం. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన రకాన్ని మధ్యాహ్నం ఎండలో బండి మీద తెప్పించుకుంటే డబ్బాలో మిగిలేది చచ్చినవే. తీయటి పులిసిన పాల సీసాలైతే చక్కెర గ్రాములు చదవండి, మీవారికి అది లెక్కలోకి వస్తుంది.

పోస్ట్‌బయోటిక్ అన్న మాటకు 2021లో నిపుణులు ఇచ్చిన అర్థం ఇది: మేలు చేస్తుందని నిరూపణ అయిన చచ్చిన సూక్ష్మజీవులు లేదా వాటి భాగాలు. ఒట్టి బ్యూటిరేట్ దానికిందకు రాదు. మీకు చెప్పిన డబ్బాలో ఏముందో పేరు చదివితే తెలిసిపోతుంది. చచ్చిన బాక్టీరియాకు విలువ లేదనీ కాదు. వేడితో చంపిన బిఫిడోబాక్టీరియం బిఫిడమ్ రకం ఒకదాన్ని జర్మనీలో 443 మంది ఐబీఎస్ (పరీక్షల్లో లోపం కనిపించకుండా కడుపునొప్పి, విరేచనం తీరు మారడం ఉండే పేగు జబ్బు) రోగులపై ఎనిమిది వారాలు పరీక్షించారు. అది వాడినవారిలో 34 శాతం మందికి, ఉత్త మాత్ర వాడినవారిలో 19 శాతం మందికి తగినంత ఉపశమనం దొరికింది. అంటే ముగ్గురిలో ఇద్దరికి అది కూడా పనిచేయలేదు. మీవారికి పరీక్షలన్నీ అయి, ఐబీఎస్ అని తేలి, మెట్‌ఫార్మిన్ మార్చి, పీచు నాలుగు వారాలు సర్దినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించవచ్చు. అప్పుడూ రకం పేరు ఉన్నదాన్నే, ఎనిమిది వారాలు. ఫలితం లేకపోతే ఆపేయాలి.

అత్తగారి విషయంలో మాత్రం అస్సలు ప్రయోగాలు వద్దు. కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో, ఆరోగ్యవంతుడికి మేలు చేసే బాక్టీరియా, ఈస్ట్ కూడా రక్తంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ అయిన సందర్భాలున్నాయి. బతికున్న ప్రోబయోటిక్ ఏదీ ఆమె క్యాన్సర్ డాక్టరు సరే అనకుండా ఇవ్వకండి. చద్దన్నం, కూళ్, బయట కొన్న పెరుగు ఈ రోజుల్లో వద్దు. ఇంట్లో తోడేసిన పెరుగు కూడా కణాల సంఖ్యను బట్టి ఆ డాక్టరే చెప్పాలి. అలాగని పులిసిన రుచికి దూరం కానక్కర్లేదు. వేడి వేడి ఇడ్లీ, బాగా మరిగించిన మజ్జిగ పులుసు ఆవిడకు సరిపోతాయి. మీ అమ్మాయి లాభం లేదన్న ఆ చచ్చిన బాక్టీరియానే ఇక్కడ క్షేమం.

ఇంకొక్క జాగ్రత్త. ఆమెకు ఛాతీలో పోర్టో, చేతి నరం గుండా పెట్టిన పొడవాటి ట్యూబో ఉంటే, మీవారు ఎప్పుడైనా సాక్రోమైసిస్ వాడితే ఆ ప్యాకెట్టు ఆ గదిలో చించకండి. ఎగిరే పొడి చేతుల మీదుగా ఆ ట్యూబుకు చేరి రక్తంలో ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ తెచ్చిన సంఘటనల వల్లే ఆ మందుకు ఈ హెచ్చరిక వచ్చింది. వంటింట్లో చించి, గ్లాసు కడిగి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఆమె దగ్గరికి వెళ్లండి.